హెచ్‌డి 209458 బి

పెగాసస్ తారామండలంలో, మనకు సుమారు 157 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక నక్షత్రం చుట్టూ మూడున్నర రోజులకొకసారి తిరిగే భారీ వాయుగ్రహం హెచ్‌డి 209458 బి. ద్రవ్యరాశిలో మన గురుగ్రహం కంటే తక్కువ, పరిమాణంలో ఎక్కువ. తమ నక్షత్రానికి అతి సమీపంగా తిరుగుతూ తీవ్రంగా వేడెక్కిన ఇలాంటి పెద్ద గ్రహాలను వేడి గురుగ్రహాలు అంటారు. ఇతర నక్షత్రాల గ్రహాలలో, అంటే బాహ్యగ్రహాలలో, తన నక్షత్రం ముఖం మీదుగా దాటుతూ మనకు చిక్కిన మొదటిది ఇదే. వాతావరణపు ఆనవాలు దొరికిన మొదటిదీ, ఆ వాతావరణం అంతరిక్షంలోకి జారిపోతోందని తెలిసిన మొదటిదీ ఇదే. 1999కి ముందు బాహ్యగ్రహం అంటే దాదాపుగా నక్షత్ర కాంతిలో కనబడే ఒక చిన్న ఊగిసలాట, దాని నుంచి లెక్కకట్టిన ఒక కనీస ద్రవ్యరాశి. ఈ గ్రహంతో బాహ్యగ్రహానికి వ్యాసం, సాంద్రత, గాలి, ఉష్ణోగ్రత వచ్చాయి. దీని గురించి ప్రకటించిన ఫలితాల్లో కొన్ని తర్వాత దీని మీదే మళ్లీ కొలిచి చూస్తే నిలబడలేదు. ఆ దిద్దుబాట్లు కూడా ఈ గ్రహ చరిత్రలో మొదటి ఆవిష్కరణలంత ముఖ్యమైన భాగమే.

నక్షత్రం, దాని చోటు

హెచ్‌డి అన్న అక్షరాలు హెన్రీ డ్రేపర్ నక్షత్ర పట్టికకు గుర్తు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఆనీ జంప్ కానన్ వర్గీకరించిన రెండు లక్షల పాతిక వేల పైచిలుకు నక్షత్రాలతో 1918–1924 మధ్య వెలువడిన ఆ పట్టికలో దీని వరుస సంఖ్య 209458. గ్రహాలకు చేర్చే అక్షరాలు బి నుంచి మొదలవుతాయి. ఈ నక్షత్రానికి దొరికిన గ్రహం అందుకే బి అయింది.

నక్షత్రం సూర్యుడి కోవకు చెందినదే. ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.1 రెట్లు, వ్యాసార్ధం 1.2 రెట్లు, ఉపరితల ఉష్ణోగ్రత 6,000 కెల్విన్లకు కొద్దిగా పైన. దాని ప్రకాశ పరిమాణం 7.65 కనుక మామూలు కంటికి ఆనదు. చీకటి ఆకాశంలో మంచి బైనాక్యులర్‌కు అందుతుంది. ఈ గ్రహానికి ఇంత ప్రాధాన్యం రావడానికి సగం కారణం నక్షత్రపు ఈ వెలుగే. గ్రహపు వాతావరణం నక్షత్ర కాంతి మీద వేసే ముద్ర పదివేలలో ఒకటి రెండు వంతులు మాత్రమే ఉంటుంది. అంత చిన్న తేడాను నమ్మకంగా కొలవాలంటే కాంతి పుష్కలంగా కావాలి. ఇంతకంటే మసక నక్షత్రాల దగ్గర ఎన్నో గ్రహాలు దొరికినా, కొత్త పరికరం వచ్చినప్పుడల్లా ఖగోళవేత్తలు ముందు ఇటు తిప్పడానికి కారణం అదే.

మన పంచాంగంలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు కలిసి ఆకాశంలో ఏర్పరచే పెద్ద చతురస్రానికి పడమటి పక్కన దీని చోటు. ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా 19 డిగ్రీల దగ్గర ఉండటం వల్ల ఉత్తర తెలంగాణలోనూ ఉత్తరాంధ్రలోనూ ఇది దాదాపు నడినెత్తి మీదుగా సాగుతుంది.

1995 తర్వాతి నేపథ్యం

నక్షత్రానికి ఇంత దగ్గరలో ఇంత పెద్ద గ్రహం ఉండవచ్చని ముందే ఊహించిన మనిషి ఒకరున్నారు. ఖగోళవేత్త ఒట్టో స్ట్రూవ్ 1952లో రాసిన చిన్న వ్యాసంలో, గురుగ్రహమంత గ్రహం తన నక్షత్రాన్ని కొద్ది రోజుల్లోనే చుట్టివస్తూ ఉంటే, అది నక్షత్రాన్ని లాగే లాగుడు వర్ణపటంలో దొరుకుతుందని, అదృష్టం కలిసొస్తే నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు కాంతి తగ్గడం కూడా కొలవవచ్చని సూచించారు. ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ. మన సౌరకుటుంబంలో పెద్ద గ్రహాలన్నీ దూరాన ఉన్నాయి కాబట్టి ఎక్కడైనా అంతే అన్న నమ్మకం నాలుగు దశాబ్దాలు నడిచింది.

1995 అక్టోబరులో జెనీవా విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ మయోర్, దిదియే కెలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో జరిగిన సమావేశంలో 51 పెగాసి బి గ్రహాన్ని ప్రకటించారు. ఫ్రాన్స్‌లోని ఓట్-ప్రొవాన్స్ అబ్జర్వేటరీలో 1.93 మీటర్ల టెలిస్కోపుకు బిగించిన ఎలోడీ అనే వర్ణపటలేఖిని దాన్ని పట్టింది. 4.2 రోజుల సంవత్సరం, గురుగ్రహంలో సగానికి దగ్గరగా కనీస ద్రవ్యరాశి. సూర్యుడి వంటి నక్షత్రం చుట్టూ దొరికిన మొదటి గ్రహమైన దీనికి గాను ఆ ఇద్దరికీ 2019 భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది.

అయితే మరో నాలుగేళ్లపాటు సందేహం పూర్తిగా తీరలేదు. నక్షత్రం మనవైపు, అవతలివైపు ఊగడాన్ని డాప్లర్ పద్ధతిలో కొలిస్తే దక్కేది కనీస ద్రవ్యరాశి మాత్రమే. కక్ష్య మనకు ఎంత వాలుగా ఉందో తెలియకపోతే అసలు ద్రవ్యరాశి తెలియదు. ఊగుడు నక్షత్రపు ఉపరితల స్పందనల వల్ల వస్తోందేమో అని వాదించినవారూ ఉన్నారు. ఆ వాదాన్ని ముగించాలంటే గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడం చూడాలి. దీన్నే ట్రాన్సిట్ అంటారు. ఇంత దగ్గరి కక్ష్యలో ఉన్న గ్రహం మన చూపు రేఖలోకి వచ్చే అవకాశం సుమారు పదింట ఒక వంతు. కాబట్టి పది వేడి గురుగ్రహాలను వెతికితే ఒకటి తగలాలి. 51 పెగాసితో సహా అప్పటివరకు చూసినవేవీ తగల్లేదు.

1999 సెప్టెంబరు నుంచి నవంబరు వరకు

హెచ్‌డి 209458 ఊగుతోందని రెండు బృందాలు వేర్వేరుగా గమనించాయి. ఒకటి జెనీవా, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసిన బృందం, రెండోది జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ తదితరులది. ఊగుడు వేగం సెకనుకు దాదాపు 85 మీటర్లు.

హార్వర్డ్‌లో అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న డేవిడ్ షార్బొనో, కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో టిమొతీ బ్రౌన్‌తో కలిసి 10 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపును ఈ నక్షత్రం మీదికి తిప్పారు. అంత పరిమాణం గల పరికరం నేడు చాలామంది ఔత్సాహికుల ఇళ్లలో ఉంటుంది. 1999 సెప్టెంబరు 9న, మళ్లీ 16న నక్షత్రపు కాంతి ఒకటిన్నర శాతానికి కాస్త అటూ ఇటూగా తగ్గి, సుమారు మూడు గంటల తర్వాత మామూలు స్థాయికి వచ్చింది. మార్సీ బృందంతో పనిచేసిన గ్రెగరీ హెన్రీ నవంబరు 7 రాత్రి అరిజోనాలోని స్వయంచాలక టెలిస్కోపుతో అదే నక్షత్రాన్ని గమనిస్తూ, డాప్లర్ లెక్కలు చెప్పిన వేళకే కాంతి పడిపోవడం పట్టుకున్నారు. రెండు పత్రాలూ 2000 జనవరిలో ఒకే పత్రికలో వచ్చాయి. సెప్టెంబరులో చూసినవారిది ముందా, నవంబరులో ముందుగా ప్రకటించినవారిది ముందా అనే తగవు కొంతకాలం నడిచింది. దానికంటే విలువైన సంగతి ఒకటుంది. ఒకరి మాట మీద మరొకరు ఆధారపడకుండా రెండు చోట్ల, రెండు పరికరాలతో వచ్చిన ఒకే జవాబు అది. వేడి గురుగ్రహాలు నిజమా కాదా అన్న ప్రశ్న ఆ ఏడాదితో ముగిసింది.

ఆ తర్వాత పాత రికార్డులు తిరగేస్తే మరో విశేషం బయటపడింది. యూరప్ ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం 1990ల మొదట్లో లక్షకు పైగా నక్షత్రాల స్థానాలు కొలుస్తూ, ఈ నక్షత్రపు కాంతి తగ్గిన క్షణాలను కూడా నమోదు చేసి ఉంచింది. 51 పెగాసి బి దొరకడానికి ముందే ఈ గ్రహపు ట్రాన్సిట్లు పట్టికల్లో ఎక్కి ఉన్నాయన్నమాట. ఎవరూ వాటిని ఆ కన్నుతో చూడలేదు. ఆ పాత గుర్తులతో కొత్తవాటిని కలిపి గ్రహపు సంవత్సరాన్ని మరింత కచ్చితంగా లెక్కకట్టారు.

కొలతలు

గ్రహం తన నక్షత్రం నుంచి సుమారు 70 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. సూర్యుడికి అతి దగ్గరగా ఉండే బుధుడి సగటు దూరమే 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు. ఒక్క చుట్టుకు పట్టే కాలం 3.5247 రోజులు, కక్ష్యలో వేగం సెకనుకు 140 కిలోమీటర్లకు పైన. భూమి వేగం సెకనుకు 30 కిలోమీటర్లు. గ్రహం నుంచి చూస్తే దాని ఆకాశంలో నక్షత్రం మనకు సూర్యుడు కనిపించే దానికంటే 25 రెట్ల వెడల్పున ఉంటుంది. చదరపు మీటరుకు అందే శక్తి భూమికి అందే దానికంటే ఏడు వందల రెట్లకు మించి ఉంటుంది.

ద్రవ్యరాశి గురుగ్రహంలో 0.69 వంతు, అంటే భూమికి సుమారు 220 రెట్లు. వ్యాసార్ధం గురుగ్రహానికి సుమారు 1.38 రెట్లు. అందువల్ల సాంద్రత నీటి సాంద్రతలో మూడో వంతు. మన సౌరకుటుంబంలో అతి పలచని గ్రహమైన శని సాంద్రత కూడా దీనికి రెట్టింపు ఉంటుంది. ఉబ్బిన పరిమాణం వల్ల దీని పైపొరల దగ్గర గురుత్వాకర్షణ భూమి ఉపరితలం మీద ఉండేదానికి దగ్గరలోనే ఉంది. పైపొరల్లో ఉష్ణోగ్రత సుమారు 1,200 డిగ్రీల సెల్సియస్.

ఇంత దగ్గరలో ఉన్నందున నక్షత్రపు ఆటుపోట్ల లాగుడు గ్రహపు భ్రమణాన్ని ఎప్పుడో కక్ష్యా కాలంతో ముడివేసి ఉంటుంది. చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం చూపించినట్టు ఇది కూడా తన నక్షత్రానికి ఒకే ముఖం చూపిస్తుందని అంచనా. అంటే ఒకవైపు శాశ్వత పగలు, మరోవైపు శాశ్వత రాత్రి.

2000లో హబుల్ టెలిస్కోపు నాలుగు ట్రాన్సిట్లను ఎంతో సూక్ష్మంగా కొలిచింది. గ్రహానికి పెద్ద వలయాలు లేవని, భూమికి 1.2 రెట్లకు మించిన వ్యాసార్ధం గల ఉపగ్రహం లేదని ఆ కొలతలు తేల్చాయి. కెనడా వారి మోస్ట్ ఉపగ్రహం చూసినదాన్ని బట్టి, ఈ గ్రహం తన మీద పడే కాంతిలో చాలా కొద్ది భాగాన్నే వెనక్కి పంపుతుంది. గురుగ్రహం మీద మనకు కనిపించే తెల్లని మేఘాల వంటివి దీని మీద ఉంటే అలా జరగదు. ఇది నల్లని గ్రహం.

ఎందుకింత ఉబ్బింది?

హైడ్రోజన్, హీలియం ముద్ద అయిన గ్రహం పుట్టిన తర్వాత క్రమంగా చల్లబడి కుంచించుకుపోవాలి. ఈ వయసుకు దీని వ్యాసార్ధం ఇప్పుడున్నదానికంటే తక్కువ ఉండాలని లెక్కలు చెబుతాయి. నక్షత్రం పక్కనే ఉండి పైపొర వేడెక్కినంత మాత్రాన ఇంత ఉబ్బు రాదు. లోపలికి వేడి ఏదో దారిన చేరాలి.

మొదట్లో బాగా ఆదరణ పొందిన వివరణ ఇది. కక్ష్య కొంచెం అండాకారంగా ఉంటే, దగ్గరికీ దూరానికీ జరిగేకొద్దీ నక్షత్రపు లాగుడు గ్రహాన్ని పిండుతూ ఉంటుంది. ఆ రాపిడితో లోపల వేడి పుడుతుంది. కక్ష్యను అలా అండాకారంలో నిలబెట్టడానికి మనకింకా కనబడని మరో గ్రహం ఉండి ఉండాలి. ఈ వివరణను పరీక్షించే అవకాశం 2005లో వచ్చింది. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపుతో డ్రేక్ డెమింగ్ బృందం ఈ గ్రహం నక్షత్రం వెనక్కి పోయే వేళ పరారుణ కాంతిని కొలిచింది. వెనక్కి పోయినప్పుడు మొత్తం కాంతి 0.26 శాతం తగ్గింది. ఆ తగ్గినదే గ్రహం స్వయంగా వెలువరిస్తున్న వేడి. అదే రోజు వేరొక బృందం ట్రెస్-1 గ్రహం మీద ఇలాంటి ఫలితాన్నే ప్రకటించింది. బాహ్యగ్రహాల సొంత కాంతిని మానవులు కొలవడం అదే మొదలు. ఆ కొలతలోనే రెండో ఫలితం కూడా దాగి ఉంది. గ్రహం వెనక్కి పోయింది సరిగ్గా రెండు ట్రాన్సిట్ల నడిమధ్యన. కక్ష్య దాదాపు గుండ్రంగా ఉందనడానికి అది గట్టి సూచన. దాంతో రాపిడి వివరణ ఈ గ్రహం విషయంలో బలం కోల్పోయింది.

తర్వాత వందలాది వేడి గురుగ్రహాల వ్యాసార్ధాలు తెలిశాక ఒక క్రమం కనిపించింది. నక్షత్రం నుంచి అందే శక్తి ఒక హద్దు దాటితేనే గ్రహాలు ఇలా ఉబ్బుతున్నాయి, అందే శక్తి పెరిగేకొద్దీ ఉబ్బూ పెరుగుతోంది. కాబట్టి లోపలికి చేరే వేడి మూలం నక్షత్రమే. అది ఏ దారిన చేరుతుందన్నదే మిగిలిన ప్రశ్న. వేడికి అయనీకరణం చెందిన వాయువులు గ్రహపు అయస్కాంత క్షేత్రంలో వీస్తూ విద్యుత్ ప్రవాహాలను పుట్టించి లోపలి పొరలను వేడెక్కిస్తాయన్నది ఒక సిద్ధాంతం. వాతావరణ చలనమే పైనున్న వేడిని కిందికి తోస్తుందన్నది మరొకటి. వివాదం తెగలేదు.

వాతావరణం

గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు నక్షత్ర కాంతిలో కొంత భాగం గ్రహపు అంచు చుట్టూ ఉన్న వాయువుల గుండా వడగట్టబడి మనదాకా వస్తుంది. ఏ వాయువు ఉంటే దానికి తగిన రంగు దగ్గర గ్రహం కాస్త పెద్దదిగా కనిపిస్తుంది. 2001 నవంబరులో షార్బొనో, బ్రౌన్ తదితరులు హబుల్ పరిశీలనల నుంచి సోడియం రంగుల దగ్గర కాంతి అదనంగా 0.023 శాతం తగ్గిందని ప్రకటించారు. సౌరకుటుంబం వెలుపలి గ్రహానికి వాతావరణం ఉందని చెప్పిన మొదటి ఫలితం అదే. లెక్కించిన దానికంటే సోడియం తక్కువగా కనబడటంతో ఎత్తున మేఘాలో పొగమంచో ఉండి ఉంటుందని అప్పుడే సూచించారు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ సోడియమే ప్రశ్నార్థకమయింది. నక్షత్రం తన చుట్టూ తాను తిరుగుతున్నందున దాని ఒక అంచు మనవైపు వస్తూ, మరో అంచు దూరం పోతూ ఉంటుంది. గ్రహం ఒక్కో భాగాన్ని కప్పేకొద్దీ నక్షత్రపు సోడియం గీతల ఆకారమే వికారం చెందుతుంది. భూమి మీది అధిక సూక్ష్మత గల వర్ణపటలేఖినులతో ఈ గ్రహాన్ని మళ్లీ పరిశీలించిన బృందం, వాటిలో కనబడే సోడియం గుర్తును ఆ వికారంతోనే వివరించవచ్చని 2020లో వాదించింది. వాతావరణం లేదని దీని అర్థం కాదు, దానికి ఇతర రుజువులు ఎన్నో ఉన్నాయి. కానీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఉదాహరణను కూడా మెరుగైన పరికరం వచ్చినప్పుడు మళ్లీ ప్రశ్నించడం ఈ రంగానికి ఆరోగ్యకరమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇలాగే జరిగింది. 2008 ప్రాంతంలో స్పిట్జర్ కొలతల ఆధారంగా ఈ గ్రహపు వాతావరణంలో పైకి పోయేకొద్దీ వేడి పెరిగే పొర ఉందని ప్రకటించారు. భూమి మీద ఓజోన్ వల్ల స్ట్రాటోస్ఫియర్‌లో ఇలాంటి పొర ఉంది. ఇక్కడ ఏ పదార్థం ఆ పని చేస్తోందన్న అన్వేషణ చాలా ఏళ్లు సాగింది, ఆ పొర ఉన్నవీ లేనివీ అంటూ వేడి గురుగ్రహాలను రెండు తెగలుగా విభజించే ప్రయత్నాలూ జరిగాయి. 2014లో పాత కొలతలను కొత్త పద్ధతిలో విశ్లేషించి, కొత్త పరిశీలనలు జోడిస్తే ఆ పొర అవసరమే లేదని తేలింది. 2016లో హబుల్ వర్ణపటం దాన్ని బలపరిచింది. మరింత వేడి గల గ్రహాలలో అలాంటి పొరలు నిజంగానే దొరికాయి, కానీ మొదట చెప్పిన చోట మాత్రం లేదు.

నీటి ఆవిరి గట్టిగా నిలబడిన ఫలితం. 2013లో హబుల్ పరారుణ పరికరంతో డెమింగ్ బృందం ఈ గ్రహంలో నీటి ఆవిరి ఉందని స్పష్టంగా చూపింది. ఆ గుర్తు ఊహించినదానికంటే బలహీనంగా ఉంది. భారతదేశంలో పుట్టి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ నాయకత్వంలోని బృందం 2014లో ఈ గ్రహంతో సహా మూడు వేడి గురుగ్రహాలను విశ్లేషించి, నీరు అనుకున్నదానికంటే చాలా తక్కువని, ఇది గ్రహాలు పుట్టే తీరు గురించిన మన సిద్ధాంతాలకే పరీక్ష అని రాసింది. మేఘాలే నీటి గుర్తును కప్పేస్తున్నాయని వాదించినవారూ ఉన్నారు.

2021లో స్పెయిన్‌కు చెందిన లా పాల్మా ద్వీపంలోని ఇటలీ టెలిస్కోపు నుంచి నీటితోపాటు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్, మీథేన్, అమ్మోనియా, ఎసిటిలీన్ దొరికాయని ఒక పత్రం వచ్చింది. ఒకే గ్రహంలో ఒకేసారి ఆరు అణువులు. వాటి నిష్పత్తిని బట్టి వాతావరణంలో ఆక్సిజన్ కంటే కార్బన్ పాలు ఎక్కువని, కాబట్టి గ్రహం నక్షత్రానికి దూరంగా, మంచు ఏర్పడే చల్లని చోట పుట్టి ఇక్కడికి జరిగిందని ఆ బృందం నిర్ధారణ. మూడేళ్లు గడిచేసరికి జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫలితాలు వచ్చాయి. నీరు ఉంది, కార్బన్ డయాక్సైడ్ ఉంది. మీథేన్, హైడ్రోజన్ సయనైడ్, ఎసిటిలీన్ జాడ లేదు, కార్బన్ పాలు ఆక్సిజన్ కంటే బాగా తక్కువ. రెండు పద్ధతులూ గౌరవించదగినవే. వెబ్ ఒకేసారి విశాలమైన వర్ణపటాన్ని భూవాతావరణం అడ్డు లేకుండా చూస్తుంది, భూమి మీది పరికరం ఒక్కో గీతను విడదీసి చూస్తుంది. అయినా ఇంత విరుద్ధమైన జవాబులు రెండూ నిజం కాలేవు. నా దృష్టిలో వెబ్ ఫలితానికే ప్రస్తుతం బరువెక్కువ.

ఈ గ్రహం మీద గాలి వేగాన్ని కూడా కొలిచారు. 2010లో ఇగ్నాస్ స్నెలెన్ బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో కార్బన్ మోనాక్సైడ్ గీతలను వెంబడించింది. గ్రహం కక్ష్యలో కదులుతున్నకొద్దీ ఆ గీతలు జరగడం కనిపించింది. దానితో గ్రహపు కక్ష్యా వేగమే నేరుగా దొరికింది. నక్షత్రం ఊగే వేగం ముందే తెలుసు కాబట్టి రెండింటినీ కలిపి న్యూటన్ సూత్రాలతోనే నక్షత్రం, గ్రహం రెండింటి ద్రవ్యరాశినీ తూచవచ్చు. కక్ష్యా వేగం పోగా గీతలు మరో సెకనుకు 2 కిలోమీటర్ల మేర నీలివైపు జరిగి ఉన్నాయి. పగటి ముఖం నుంచి రాత్రి ముఖానికి సెకనుకు సుమారు 2 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందని దాని భావం. కొలతలో సగం వరకు అనిశ్చితి ఉందని రచయితలే చెప్పుకున్నారు. అయినా గంటకు కొన్ని వేల కిలోమీటర్ల గాలి అది.

జారిపోతున్న హైడ్రోజన్

2003లో ఆల్ఫ్రెడ్ విదాల్-మజార్ నాయకత్వంలోని ఫ్రెంచ్ బృందం హబుల్‌తో అతినీలలోహిత కాంతిలో ఈ ట్రాన్సిట్‌ను చూసింది. మామూలు కాంతిలో ఒకటిన్నర శాతం తగ్గే నక్షత్రం, హైడ్రోజన్ వెలువరించే లైమన్-ఆల్ఫా గీత దగ్గర 15 శాతం తగ్గింది. అంటే నక్షత్రాన్ని కప్పుతున్నది గ్రహం ఒక్కటే కాదు, దాన్ని చుట్టుకుని అనేక రెట్లు విశాలమైన హైడ్రోజన్ మేఘం ఉంది. ఆ మేఘం గ్రహపు ఆకర్షణ హద్దు దాటి ఉంది, కొన్ని పరమాణువులు సెకనుకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కదులుతున్నాయి. నక్షత్రపు తీవ్ర వికిరణం గ్రహపు పైపొరలను వేల డిగ్రీలకు కాచి, హైడ్రోజన్‌ను ఊదేస్తోంది. మరుసటి ఏడాది ఆక్సిజన్, కార్బన్ కూడా ఆ ప్రవాహంలో కొట్టుకుపోతున్నాయని అదే బృందం ప్రకటించింది. బరువైన పరమాణువులు పైకి చేరాయంటే వాటిని మోసుకుపోయే బలమైన ప్రవాహం ఉండాలి.

దీని మీదా వాదం లేచింది. అవే కొలతలను 2007లో మరో శాస్త్రజ్ఞుడు పరిశీలించి తగ్గుదల 9 శాతమేనన్నారు. వేగంగా కదిలే హైడ్రోజన్ గ్రహం నుంచి వచ్చినది కాకుండా, నక్షత్రపు గాలిలోని ప్రోటాన్లు గ్రహపు హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్లను లాక్కోగా ఏర్పడినది కావచ్చని 2008లో ఇంకో బృందం చెప్పింది. మేఘం ఉందన్న ప్రాథమిక విషయాన్ని మాత్రం ఈ వాదాలేవీ కదిలించలేదు. 2019లో స్పెయిన్‌లోని కార్మెనెస్ పరికరంతో హీలియం కూడా దొరికింది.

నష్టం సెకనుకు కనీసం 10,000 టన్నులని మొదటి అంచనా. వినడానికి భయంకరంగా ఉన్నా, గ్రహపు ద్రవ్యరాశి అంతకంటే ఊహకందనంత పెద్దది. అదే వేగంతో 500 కోట్ల సంవత్సరాలు పోయినా తరిగేది వెయ్యిలో ఒక వంతుకు అటూ ఇటూ. అసలు రేటు పది రెట్లు ఉన్నా గ్రహం నిలుస్తుంది. 'ఆవిరైపోతున్న గ్రహం' అని పత్రికలు రాసినప్పుడు పాఠకుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఇంతకంటే చిన్న గ్రహాలకు, నెప్ట్యూన్ వంటివాటికి, ఇదే ప్రక్రియ ప్రాణాంతకం. నక్షత్రాలకు అతి దగ్గరలో నెప్ట్యూన్ పరిమాణం గల గ్రహాలు అరుదుగా దొరకడానికి వాతావరణం ఇలా ఊడిపోవడం ఒక కారణమని భావిస్తున్నారు.

ఇక్కడికి ఎలా చేరింది?

నక్షత్రానికి ఇంత దగ్గరలో భారీ గ్రహం పుట్టడానికి కావలసిన ముడిసరుకు సాధారణంగా ఉండదు. దూరాన పుట్టి లోపలికి వచ్చిందన్నదే ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఎలా వచ్చిందన్న దానికి రెండు దారులు చెబుతారు. గ్రహాలను పుట్టించిన వాయువు, ధూళి పళ్లెంలోనే మెల్లగా లోపలికి జారిందన్నది ఒకటి. ఇతర గ్రహాల వల్లో, తోటి నక్షత్రం వల్లో కక్ష్య బాగా సాగిపోయి, నక్షత్రానికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ శక్తి కోల్పోయి చివరకు గుండ్రబడిందన్నది రెండోది. రెండో దారిన వచ్చిన గ్రహాల కక్ష్యలు నక్షత్ర భ్రమణానికి అడ్డదిడ్డంగా ఉండే అవకాశం ఉంది. వాస్ప్-17 బి వంటివి ఎదురు దిశలో తిరుగుతున్నాయి కూడా. హెచ్‌డి 209458 బి మాత్రం నక్షత్రం తిరిగే దిశలోనే, దాదాపు దాని మధ్యరేఖ తలంలోనే తిరుగుతోంది. 2000లో కెలో బృందం కొలిచిన ఈ సంగతి పళ్లెంలో జారిందన్న వాదానికి అనుకూలమే కానీ, నక్షత్రపు లాగుడు తర్వాత కక్ష్యను సరిచేసి ఉండవచ్చు కనుక తుది రుజువు కాదు.

తోటి గ్రహాలు

సూర్యుడి వంటి నక్షత్రాలలో వందకు ఒకటి, లేదా అంతకంటే తక్కువ వాటికే వేడి గురుగ్రహం ఉంటుంది. సులువుగా దొరుకుతాయి కాబట్టి మొదట్లో ఎక్కువ కనిపించాయి. వాటిలో కెల్ట్-9 బి పగటి ముఖం 4,000 డిగ్రీలు దాటి అనేక నక్షత్రాల కంటే వేడిగా ఉంది. వాస్ప్-12 బి కక్ష్య ఏటేటా కుదించుకుపోతోంది, అది సుమారు 30 లక్షల సంవత్సరాల్లో నక్షత్రంలో పడిపోతుంది.

భారతదేశానికి సంబంధించినవి రెండు చెప్పుకోవాలి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2019లో దేశానికొక గ్రహానికి పేరు పెట్టే అవకాశం ఇచ్చినప్పుడు మనకు దక్కినది హెచ్‌డి 86081 బి అనే వేడి గురుగ్రహం. దానికి సంతమస అని, దాని నక్షత్రానికి కాస్మిక్ కిరణాల మీద పరిశోధించిన బిభా చౌధురి పేరు మీదుగా బిభా అని పేర్లు పెట్టారు. రెండోది, అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు మౌంట్ ఆబూలోని 1.2 మీటర్ల టెలిస్కోపుకు అమర్చిన పారస్ వర్ణపటలేఖినితో 2021లో కనుగొన్న టీఓఐ-1789 బి. ద్రవ్యరాశిలో గురుగ్రహానికి 0.7 వంతు, వ్యాసార్ధంలో 1.4 రెట్లు, 3.2 రోజుల సంవత్సరం. హెచ్‌డి 209458 బికి ఇంచుమించు జంట.

హెచ్‌డి 209458 బికి ఇలాంటి అధికారిక పేరు లేదు. వాతావరణం ఊడిపోవడాన్ని కనుగొన్న బృందం ముక్కలైన ఈజిప్టు దేవుడి పేరు మీద ఒసైరిస్ అని పిలిచింది, వాడుకలో అది నిలిచింది.

మన నేల మీద నుంచి

2000లోనే ఫిన్లండ్‌లోని న్యూరోలా అబ్జర్వేటరీ ఔత్సాహికులు ఈ ట్రాన్సిట్‌ను పట్టుకున్నారు. ఇప్పటి డిజిటల్ కెమెరాలతో ఒకటిన్నర శాతపు తగ్గుదలను కొలవడం కళాశాల స్థాయి పని. తెలుగు ప్రాంతాలకు ఇందులో రెండు సౌకర్యాలున్నాయి. నక్షత్రం నడినెత్తి మీదుగా పోతుంది కాబట్టి గాలిపొర అడ్డు అతి తక్కువ. రెండు కక్ష్యా కాలాలు కలిపితే 7 రోజుల 1 గంట 11 నిమిషాలు కాబట్టి, ఒక శనివారం రాత్రి 8 గంటలకు ట్రాన్సిట్ మొదలైతే వచ్చే శనివారం 9 గంటల 11 నిమిషాలకు మళ్లీ మొదలవుతుంది. వర్షాలు వెనుదిరిగిన అక్టోబరు, నవంబరులలో ఇలా వారంవారం వరుసగా కొన్నింటిని చూడవచ్చు. చిన్న టెలిస్కోపు, కెమెరా ఉన్న భౌతిక శాస్త్ర విభాగాలు ఈ కొలతను తమ ప్రయోగాల జాబితాలో చేర్చుకోవాలి. పక్కనున్న రెండు మూడు నక్షత్రాలతో పోలుస్తూ, ట్రాన్సిట్‌కు ముందొక గంట, తర్వాతొక గంట కలిపి అయిదు గంటలు ఆగకుండా చిత్రాలు తీస్తే చాలు. గ్రహపు వ్యాసార్ధాన్ని విద్యార్థులే తమ చేతులతో లెక్కకట్టగలరు.